కొత్తవలస జనాభా, బస్సు, రైలు వివరాలు కావాలి (అర్జెంట్)

మద్దిలపాలెం_డిగ్రీ: పొద్దున్న తొమ్మిది నుంచి ఇదే పని. బుర్ర వేడెక్కిపోయింది. కొత్తవలస జనాభా ఎంత, బస్సు, రైలు ఎంత దూరంలో ఉన్నాయి, ఇంతే కావాలి. రేపు ప్రాజెక్టు ఇవ్వాలి. అల్లూరి జిల్లా జనగణన పుస్తకం ఎంత వెతికినా దొరకట్లేదు. ఒక చోట దొరికిన పట్టికలో బస్సు కింద బి, రైలు కింద సి అని ఉంది. అంకెలే లేవు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కేకే_లైన్_ప్రేమికుడు: కొత్తవలసకి రైలు ఎంత దూరమా? అదే జంక్షన్ కదండీ! ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్‌కి వెళ్ళే లైన్ విడిపోయేది అక్కడే. అక్కడి బైలడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపాన్‌కి పంపడానికి వేసిన లైన్ అది. దారిలో 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషన్ సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఒకప్పుడు బ్రాడ్‌గేజ్‌లో దేశంలోనే ఎత్తైనది. అద్దాల బోగీలో ఒకసారి వెళ్ళి రండి, ప్రాజెక్టు అదే వస్తుంది.

మద్దిలపాలెం_డిగ్రీ: అయ్యో, అది విజయనగరం జిల్లా కొత్తవలస. మాది కొండ మీద, అనంతగిరి మండలం. అమ్మమ్మ వాళ్ళ ఊరు.

పాతకాగితం: మండలం ముందే రాయాలి.

ఎండాడ_మాస్టారు: వలస అంటే ఏమిటో పిల్లలకి ఎవరూ చెప్పట్లేదు. ఒక చోట నుంచి లేచి వచ్చి కొత్తగా కట్టుకున్న ఊరు. అందుకే ఉత్తరాంధ్రలో ఎక్కడ చూసినా ఏదో ఒక వలస తగులుతుంది. అలాంటప్పుడు ఒట్టి పేరుతో వెతికితే ఎలా?

పాతకాగితం: దొరికేది 2011 జనగణన. 2021ది కోవిడ్ వల్ల ఆగిపోయింది. అల్లూరి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. మరి 2011 పుస్తకంలో ఆ పేరు ఎక్కడుంటుంది? విశాఖపట్నం జిల్లా పుస్తకం తియ్యి, అందులో అనంతగిరి మండలం చూడు. ఏ అంటే 5 కిలోమీటర్ల లోపు, బి అంటే 5 నుంచి 10, సి అంటే 10 పైన. 11 అయినా సి, 60 అయినా సి.

గోపాలపట్నం_బాబు: అది శివారు గ్రామం అయితే పుస్తకంలో పేరే ఉండదు. పంచాయతీ పేరుతో చూడాలి.

పాతకాగితం: పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం (భూమి రికార్డుల్లో ఉండే ఊరు) వేరు. జనగణన లెక్క రెవెన్యూ గ్రామానిది. ఏజెన్సీలో పది గడపలున్నా రెవెన్యూ గ్రామమే కావచ్చు.

గోపాలపట్నం_బాబు: మా ఊళ్ళో మూడు శివార్లు కలిపి ఒకే లెక్కలో వేశారు. నేను కళ్ళారా చూశాను.

పాతకాగితం: మీది మైదానం.

గోపాలపట్నం_బాబు: మైదానం అయితే ఏటి? రూలు రూలే కదా.

ఎండాడ_మాస్టారు: గడప అన్నారు కాబట్టి చెబుతున్నాను, గడప వేరు, ఇల్లు వేరు...

సీతమ్మధార_అక్క: వాళ్ళని వదిలెయ్యమ్మా. పేరుతో పాటు చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు అదే మండలంలో ఉన్నాయా చూసుకో, ఊరి పక్కన ఆరంకెల కోడ్ ఉంటుంది, అది కూడా రాసుకో. బస్సు సంగతి మాత్రం ఆ పుస్తకం నమ్ముకోకు, పాత లెక్క. అరకు బస్సులు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతాయి. అక్కడ దిగాక మీ ఊరికి ఆటోనా, సంత రోజున వచ్చే జీపేనా, నడకేనా అన్నది అమ్మమ్మని అడుగు. ఫోన్ చేస్తే ఐదు నిమిషాల పని.

కేకే_లైన్_ప్రేమికుడు: బొర్రా గుహలు స్టేషన్ కూడా అనంతగిరి మండలమే! పొద్దున్నే విశాఖ నుంచి కిరండూల్ పాసింజర్ ఉంది.

మద్దిలపాలెం_డిగ్రీ: దొరికింది. విశాఖ పుస్తకంలోనే ఉంది, నేను చూసిన బి, సి వేరే కొత్తవలసవి. అమ్మమ్మ ఫోన్ ఎత్తట్లేదు, సిగ్నల్ లేదేమో. థాంక్స్ అందరికీ, టైప్ చేసుకోవాలి.

హుకుంపేట_రాజు: ఆ పుస్తకం ఎక్కడ దొరికిందో కొంచెం చెప్పండి. మాదీ ఇదే తలనొప్పి.

హుకుంపేట_రాజు: ఎవరైనా ఉన్నారా?