ఖాళీ ప్రాసెసరా, తీరిక ప్రాసెసరా?

శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాలు చెబుతాను. తెలుగులో నోట్సు రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను, సభ్యుల సాయం కావాలి. పని లేని ప్రాసెసర్‌ను ఇంగ్లీషులో ‘ఐడిల్’ అంటారు. ‘సోమరి’ అనడం అన్యాయం, పని ఉండీ చేయనివాడు సోమరి. ‘నిష్క్రియ’ అంటే పిల్లలు నిఘంటువు వెతుక్కోవాలి. అందుకే ‘ఖాళీ ప్రాసెసర్’ అని రాశాను. మామూలు కంప్యూటర్‌కు అది చక్కగా సరిపోయింది. వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్) దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే పాఠాన్ని పక్కదారి పట్టించింది.

అసలు ప్రాసెసర్లు కొన్నే ఉంటాయి. వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేరైన హైపర్‌వైజర్, ఆ ప్రాసెసర్లను వాటికి వంతులవారీగా పంచుతుంది. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్, పని లేనప్పుడు ప్రాసెసర్‌కు ‘హాల్ట్’, అంటే ఆగమనే ఆదేశం ఇస్తుంది. సొంత యంత్రమైతే ప్రాసెసర్ నిద్రపోయి, పని వచ్చిందని చెప్పే సంకేతం (ఇంటరప్ట్) రాగానే లేస్తుంది. వర్చువల్ మెషీన్‌లో సాధారణంగా ఆ ఆదేశం హైపర్‌వైజర్ చేతికి వెళ్తుంది, అది అసలు ప్రాసెసర్‌ను వేరొకరికి ఇచ్చేయవచ్చు. ఈలోగా ఏ పని ఏ ప్రాసెసర్‌కు పంపాలో తేల్చే లోపలి షెడ్యూలర్ ‘అది ఖాళీయే కదా’ అని కొత్త పనిని అక్కడికి పంపితే, ఆ పని వంతు కోసం పడిగాపులు పడుతుంది. మరి అది ఖాళీ ఎలా అయింది?

పొందూరు సభ్యురాలు:
మాస్టారూ, మాది నేత ఇల్లు. ‘మగ్గం ఖాళీగా ఉంది’ అంటే దాని మీద ఎవరూ లేరని మాత్రమే. నేసే మనిషి పిలిస్తే వస్తాడో, పక్క మగ్గం మీద కూర్చున్నాడో ఆ మాట చెప్పదు. ‘నాన్న తీరికగా ఉన్నారు’ అంటే పిలిస్తే వస్తారని. ‘ఖాళీ’ చోటుకు చెందిన మాట, ‘తీరిక’ మనిషిది. ‘తీరు’ నుంచే కదా తీరిక వచ్చింది, చేతిలో పని తీరింది కనుక. మీ వర్చువల్ ప్రాసెసర్ మగ్గం, అసలు ప్రాసెసర్ నేతగాడు.

నేను:
అమ్మా, ఎంత చక్కగా విడదీశారు! లినక్స్ షెడ్యూలర్ కోడ్‌లో కూడా ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలే. ‘ఐడిల్ సీపీయూ’ పని ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. ‘అవైలబుల్ ఐడిల్ సీపీయూ’ దానితో పాటు, ఆ వర్చువల్ ప్రాసెసర్‌ను హైపర్‌వైజర్ పక్కన పెట్టేసిందా అని కూడా అడుగుతుంది. మొదటిది ఖాళీ, రెండోది తీరిక.

విజయనగరం సభ్యుడు:
మనుషులను కూడా ‘ఖాళీగా ఉన్నావా’ అని అడుగుతాం కదండీ, గీత అంత గట్టిది కాదు. పైగా తీరిక ఇంటి మాట, సాంకేతిక పుస్తకంలో నిలుస్తుందా? ఇంకొకటి. హాల్ట్ రాగానే, లినక్స్‌లోని హైపర్‌వైజరైన కేవీఎం అసలు ప్రాసెసర్‌ను వెంటనే వదిలేయదు. పని మళ్లీ వస్తుందేమోనని కొంతసేపు చూస్తుంది, ఇంటెల్, ఏఎండీ యంత్రాల మీద మామూలు అమరికలో ఆ గడువు గరిష్ఠంగా 200 మైక్రోసెకన్లు. అప్పుడు అసలు ప్రాసెసర్ కరెంటు ఖర్చు చేస్తూనే ఉంటుంది. దాన్ని తీరిక అంటారా?

నేను:
అసలు ప్రాసెసర్‌ను అలా అనను. అప్పుడది చేసేది ‘కాచుకోవడం’. మేలుకునే ఆలస్యాన్ని తప్పించడానికి కట్టే వెల అది, దానికి వేరే మాట ఉండాల్సిందే. ‘ఖాళీ’ని మనుషులకూ వాడతామన్నది నిజం, కానీ తీరికను మగ్గానికి ఎవరూ వాడరు. నాకు ఆ ఒక్క తేడా చాలు. ఇంటి మాట అన్న అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకోలేను. 1863లో మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది నోటి మాటకు బడి పుస్తకంలో చోటు కోసమే.

నోట్సు ఇలా మార్చాను: పని లేకపోతే ‘ఖాళీ’, పని లేకపోయినా అసలు ప్రాసెసర్ ఇంకా చేతిలోనే ఉంటే ‘తీరిక’. మిగిలింది ‘స్టీల్’, ఇంగ్లీషులో దొంగిలించడం అనే మాట. వర్చువల్ ప్రాసెసర్‌కు పని సిద్ధంగా ఉన్నా, అసలు ప్రాసెసర్ వేరేచోట ఉండటం వల్ల ఆగిపోయిన కాలం అది. విద్యార్థులు దాన్ని కూడా ఖాళీ సమయంలో కలిపేస్తున్నారు, నిజానికి అది ఖాళీకి పూర్తిగా ఎదురు. ‘దొంగ కాలం’ అనడానికి మనసు రావడం లేదు, అక్కడ ఎవరూ దొంగిలించలేదు. పొందూరు అమ్మగారూ, నూలు సిద్ధమై, మగ్గం సిద్ధమై, నేసే మనిషి మాత్రం రాని పూటను మీ ఇంట్లో ఏమంటారు?