ఎడారి శైలి ఇల్లు: రూపం ఉంటే చాలా, అసలు వస్తువే కావాలా?

ప్రశ్న
అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఇల్లు కొనుక్కున్నాం. కలప చట్రం మీద సిమెంటు గార చేసి, మట్టిరంగు వేసిన ఇల్లు ఇది. లోపల శాంటా ఫే పద్ధతిలో, అంటే ఆ రాష్ట్ర రాజధానిలోని పాత మట్టి ఇళ్ల తీరులో, అలంకరించాలని ఉంది. ఆదివాసుల చేతినేతలు, కుండలు పెడితేనే ఆ శైలికి న్యాయం జరుగుతుందని కొందరు, రంగులు కుదిరితే నమూనాను అచ్చు వేసిన తివాచీలైనా చాలునని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

మొదటి జవాబు
రూపం చాలునని నా అభిప్రాయం. శాంటా ఫే నగరం 1957లో చట్టం చేసి, పాత పేటలో కొత్త కట్టడాలు కూడా ఆ శైలిలోనే కనిపించాలని నిర్ణయించింది. వాటిలో మట్టి ఇటుకతో కట్టనివి ఎన్నో ఉన్నాయి. ఆ ఊరు పెట్టుకోని పట్టింపు మన ముందు గదికి ఎందుకు? పైగా పెద్ద చేతినేత తివాచీ కొనడం అందరికీ సాధ్యం కాదు.

రెండవ జవాబు
చట్టం సంగతి నిజమే కానీ, అది వీధిలోంచి కనిపించే రూపానికి సంబంధించినది. ఈ శైలిలో మనకు అందంగా తోచే ప్రతిదాని వెనుకా ఒక అవసరం ఉంది. మందపాటి పచ్చి ఇటుక గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుని రాత్రి చలివేళ లోపలికి వదులుతుంది. ‘వీగా’లనే దుంగ దూలాలు కప్పు బరువు మోస్తాయి కాబట్టే అక్కడ ఉన్నాయి. ఏ బరువూ మోయని బోలు దూలాలను కప్పుకు అతికించడం కంటే, గోడను ఖాళీగా వదిలి దాని మీద ఎండ పడనివ్వడం మేలు. న్యూ మెక్సికోలోనే ఉన్న రాంచోస్ డి టావోస్ అనే ఊళ్లోని పాత మట్టి చర్చికి 1967లో సిమెంటు గార చేస్తే, తేమ బయటికి పోయే దారిలేక లోపలి ఇటుకలు దెబ్బతిన్నాయి. 1979లో దాన్ని ఊడగొట్టి మళ్లీ మట్టే మెత్తారు. నేటికీ ఊరివారు ఏటా కలిసి ఆ పని చేస్తున్నారు. మీది కలప చట్రం కాబట్టి ఆ ప్రమాదం లేదు, కానీ పైపూత వేరు, గోడ వేరు అని ఆ చర్చిని చూస్తే తెలుస్తుంది.

ఇక తివాచీ. నవాహో అనే ఆదివాసీ తెగ నేతలో పడుగు (నిలువు దారం) ఒకే దారంగా పైకీ కిందికీ తిరిగి వస్తుంది కనుక సాధారణంగా కొనల్లో కుచ్చులు ఉండవు. తిరగేసినా నమూనా అదే. నేను మొదట్లో చేతినేత అని చెబితే నమ్మి ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి తిరగేస్తే వెనుకంతా వెలిసినట్టుగా ఉంది, రంగు పైపైన అచ్చు వేసినదే. ఆ బాధ చాలాకాలం పోలేదు. ఆదివాసులు చేయని వస్తువును వారు చేసినదని అమ్మడం 1990 నాటి సమాఖ్య చట్టం ప్రకారం నేరం కాబట్టి, నేసినవారి పేరు, తెగ కాగితం మీద రాసిమ్మని అడగండి. పెద్దది కొనలేకపోతే జానెడు వెడల్పు నేత ఒక్కటి చాలు.

మొదటి జవాబు ఇచ్చినవారు
మోసం విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అయితే ఒరెగాన్‌లోని పెండిల్టన్ మిల్లు దుప్పట్లు యంత్రాల మీద నేసినవే అయినా, ఆదివాసులే వాటిని పెళ్లిళ్లలో, సన్మానాల్లో కానుకగా ఇచ్చుకుంటారు. అలాంటప్పుడు మిల్లు నేతను అసలైనది కాదని ఎలా అంటాం?

రెండవ జవాబు ఇచ్చినవారు
అనలేం. ఆ దుప్పటి తాను మిల్లు దుప్పటినని దాచుకోలేదు. దాన్ని మీ సోఫా మీద పరిస్తే నాకూ అభ్యంతరం లేదు. బోలు దూలాల విషయంలో మాత్రం నా మాట మారదు.