పేరు మారిన మొక్కల షీట్లు: ఫోల్డర్ కూడా మార్చాలా?

హైదరాబాద్‌లో ఓ కాలేజీ హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలను కాగితపు షీట్లకు అంటించి భద్రపరిచే చోటు) సర్దుతున్నాం. తంగేడు షీటు మీద ‘కాసియా ఆరిక్యులేటా’ అని ఉంది, ఇప్పుడది సెన్నా అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఉంది. 2005లో అకేసియా పేరు ప్రధానంగా ఆస్ట్రేలియా జాతుల గుంపుకే ఖాయమయ్యాక మన నల్లతుమ్మ వాచెలియా అయింది. 2022లో సర్కారు తుమ్మ నెల్టుమాలోకి వెళ్లింది, జమ్మి మాత్రం ప్రోసోపిస్‌లోనే ఉంది (ఆ ప్రజాతికి టైపు, అంటే పేరుకు ఆధారమైన జాతి, అదే మరి!).

పాత లేబుల్ పీకకుండా, కొత్త పేరు, తేదీ, నిర్ధారించినవారి పేరు రాసిన చీటీ పక్కన అంటిస్తున్నాం. ఇంతవరకు సరే. చిక్కంతా బీరువాలో. ఫోల్డర్ జరిపితే పాత రిజిస్టర్ పట్టుకుని వెతికేవాళ్లకు షీటు దొరకదు. జరపకపోతే అకేసియా అరలో ఆస్ట్రేలియా తుమ్మ, నల్లతుమ్మ కలిసిపోతాయి.

మీ దగ్గర ఫోల్డర్లు జరుపుతున్నారా, లేక పాత చోటే ఉంచి సూచన కార్డు పెడుతున్నారా? లండన్‌లోని క్యూ గార్డెన్స్ వృక్షశాస్త్ర సంస్థ మొక్కల పేర్ల ఆన్‌లైన్ జాబితాతో ఎన్నాళ్లకోసారి సరిచూస్తున్నారు?