డాలస్ సమావేశంలో విద్యార్థుల గది: నెల్లూరు, ఒంగోలు పిల్లల విదేశీ దరఖాస్తులు, చదువు ఖర్చులపై ఏర్పాట్లు

సమన్వయకర్త (కావలి, ప్రస్తుతం డాలస్):

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. అక్టోబరు రెండో శనివారం డాలస్‌లో జరగనున్న మన జిల్లాల వారి వార్షిక సమావేశంలో ఈసారి ఒక గదిని పూర్తిగా విద్యార్థుల కోసం కేటాయించడానికి కార్యవర్గం అంగీకరించింది. నెల్లూరులోను, ఒంగోలులోను చెరొక హాలులో కూర్చునే చివరి సంవత్సరం పిల్లలతో వీడియో ద్వారా మాట్లాడి, విదేశాలలో ఎం.ఎస్., పీహెచ్‌డీ చదువులకు దరఖాస్తు చేయడం, అందుకు కావలసిన డబ్బు సమకూర్చుకోవడం అనే రెండు విషయాలను కలిపి వివరించాలన్నది ఉద్దేశం. మనకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి అక్కడ ఆదివారం ఉదయం ఏడు గంటలవుతుంది. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక ఆ తేడా ఒక గంట పెరుగుతుంది కాబట్టి, రెండో విడత ఆహ్వానంలో కూడా భారత కాలమానాన్నే రాయండి.

కలిపి చెప్పాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. మన వైపు ముందు సీటు, ఆ తరువాతే డబ్బు అనే వరుస స్థిరపడిపోయింది. కన్సల్టెన్సీకి వెళ్లిన పిల్లవాడికి వారితో ఒప్పందం ఉన్న విశ్వవిద్యాలయాల జాబితా చేతికి వస్తుంది. విద్యార్థి చేరితే వారికి కమిషను వస్తుంది కనుక, అసిస్టెంట్‌షిప్‌లు (విభాగంలో బోధన, పరిశోధన పనులకు బదులుగా దొరికే ఆర్థిక సహాయం) ఇచ్చే విభాగాలు ఆ జాబితాలో ఉన్నాయా లేవా అని చూసేవారు తక్కువ. ఐ-20 (అమెరికా విద్యార్థి వీసాకు విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) కోసం మొదటి సంవత్సరం ఖర్చుకు సరిపడా డబ్బు చూపించవలసి వచ్చినప్పుడు గాని ఇంట్లో లెక్క మొదలు కాదు. అప్పుడు కొందరు వడ్డీకి తెచ్చిన సొమ్మును కొన్నాళ్లపాటు ఖాతాలో నిలిపి చూపిస్తారు. వీసా అధికారికి తప్పుడు ఆధారాలు చూపించడం పిల్లవాడి భవిష్యత్తుకే ముప్పని మనం మొహమాటం లేకుండా చెప్పాలి. ఎక్కడ దరఖాస్తు చేయాలి అన్న ప్రశ్నకు జవాబు డబ్బు లెక్కలోనే సగం ఉందని ఆ ఉదయం ఆ పిల్లలకు బోధపడితే మన శ్రమ ఫలించినట్లే.

ప్రసంగాలు వద్దని నా మనవి. ఎవరు ఏ భాగం చూస్తారో ఇక్కడే తెలియజేయండి.

పరిశోధక విద్యార్థిని (ముత్తుకూరు మత్స్య కళాశాల పూర్వ విద్యార్థిని):

అన్నగారూ, అసిస్టెంట్‌షిప్‌ల భాగం నేను చూస్తాను. మన పిల్లల్లో అత్యధికులు కంప్యూటర్ సైన్సు ఎం.ఎస్.కే దరఖాస్తు చేస్తారు, అందులో చేరేవారు చాలావరకు సొంత ఖర్చుతోనే చదువుతారు. అమెరికాలో పీహెచ్‌డీ విషయం వేరు. టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా తీసుకుంటే ట్యూషన్ ఫీజు మాఫీతో పాటు నెలనెలా స్టయిపెండు, సాధారణంగా ఆరోగ్య బీమా కూడా ఇస్తారు. మత్స్యశాస్త్రం, వ్యవసాయం వంటి రంగాలలో థీసిస్‌తో కూడిన ఎం.ఎస్.కు కూడా ఇలాంటి సహాయం దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ విద్యార్థిని తీసుకునేది ఒక ప్రొఫెసరు, జీతమిచ్చేది ఆయన పరిశోధన గ్రాంటు. ముత్తుకూరులో రొయ్యల వ్యాధుల మీద ప్రాజెక్టు చేసిన విద్యార్థికి ఈ దారి తెరిచే ఉంది గాని, ఆ సంగతి అతనికి చెప్పేవారు లేరు. అందుకే ఇంజనీరింగు కళాశాలలతో ఆగకుండా ముత్తుకూరుకు, కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయానికి కూడా ఆహ్వానం తప్పకుండా వెళ్లాలి.

ప్రొఫెసరుకు రాసే ఉత్తరాన్ని తెర మీద పెట్టి అక్కడికక్కడే దిద్ది చూపిస్తాను. మనవాళ్లు పంపే ఉత్తరాలు "గౌరవనీయులైన అయ్యా, తమ మహత్తర పరిశోధన నన్నెంతో ఆకర్షించింది" అంటూ మొదలై, ఎవరి పరిశోధనో, ఏ వ్యాసమో చెప్పకుండానే ముగుస్తాయి. ఫలానా వ్యాసంలో మీరు పరీక్షించిన పద్ధతిని మా చెరువు నీటి నమూనాల మీద ప్రయత్నించాను, నాకు వచ్చిన ఫలితం ఇది, వచ్చే ఏడాది కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారా అని నాలుగు వాక్యాలు రాస్తే ఆయన చదువుతారు. పీహెచ్‌డీ గడువులు ఎక్కువగా డిసెంబరు తొలి పక్షంలో ముగుస్తాయి కనుక ఈ ఉత్తరాలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే వెళ్లాలి. ఈ లెక్కన మన సమావేశం ఇంకొక నెల ముందు జరిగితే బాగుండేది.

ఆఫరు ఉత్తరం చదవడం కూడా నేర్పుదాం. స్టయిపెండు తొమ్మిది నెలలకా పన్నెండు నెలలకా, ట్యూషన్ మాఫీ అయినా మిగిలే ఇతర ఫీజులెన్ని, హామీ ఎన్ని సంవత్సరాలకు అనే మూడు సంగతులు చూడకుండా ఎవరూ సంతకం చేయకూడదు. ఏప్రిల్ 15 తీర్మానం అని అమెరికాలో పలు విశ్వవిద్యాలయాలు కలిసి చేసుకున్న ఒప్పందం ఒకటి ఉంది, దానికి కట్టుబడినవి ఆర్థిక సహాయంతో ఇచ్చిన ఆఫరుకు ఆ తేదీకి ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఈ మాట తెలియక తొందరపడి ఒప్పుకునే పిల్లలున్నారు. 2025లో ఫెడరల్ గ్రాంట్ల కోతల తరువాత పలు విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలను తగ్గించాయి కాబట్టి పోటీ పెరిగిందన్న నిజాన్ని కూడా దాచవద్దు.

బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి విరమించిన సభ్యుడు (ఒంగోలు, ప్రస్తుతం కుమార్తె వద్ద):

చిరంజీవి అమ్మాయి చక్కగా చెప్పింది. అప్పు సంగతి నాకు వదలండి, తల్లిదండ్రులను కూడా హాలుకు రమ్మనండి, ఎందుకంటే సంతకాలు పెట్టేది వారే.

మన జిల్లాల్లో పొలం ఉన్న రైతు తనకు ఆస్తి ఉంది కదా, అప్పు సులభంగా వస్తుందని అనుకుంటాడు. చాలా బ్యాంకులు విద్యారుణానికి వ్యవసాయ భూమిని తాకట్టుగా ఒప్పుకోవు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద కోర్టుకు వెళ్లకుండా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉన్నా, వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. కాబట్టి కొండపి పొగాకు రైతు అయిదెకరాల పాసుపుస్తకం పట్టుకుని వెళితే మేనేజరు ఊళ్లోని ఇంటి దస్తావేజులు అడుగుతాడు. ఆ ఇల్లు తాతగారి పేరున ఉండిపోయి భాగపరిష్కారం జరగకపోతే, లింకు దస్తావేజులు (పాత యాజమాన్య పత్రాలు), ఈసీ (ఆస్తి మీద తాకట్టులు, లావాదేవీల ధ్రువపత్రం), లాయరు అభిప్రాయం అంటూ నెలలు గడిచిపోతాయి. అందుకే అడ్మిషను వచ్చేదాకా ఆగకుండా, దరఖాస్తులు పంపే రోజుల్లోనే ఈ కాగితాలు సరిచేసుకోవాలి. రెండో చిక్కు ఆదాయం రుజువు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కనుక చాలామంది రైతులు ఆదాయపు పన్ను రిటర్నులే వేయరు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టేటప్పుడు బ్యాంకు మొదట అడిగేది అవే.

వడ్డీ లెక్కను పలక మీద వేసి చూపిస్తాను. నలభై లక్షల రుణం మొత్తం విడుదలైన తరువాత 10.5 శాతం వడ్డీ అంటే నెలకు 35,000 రూపాయలు. చదువు కాలంలో వాయిదా కట్టనవసరం లేకపోయినా వడ్డీ మాత్రం ఆగదు. ఉద్యోగం రావడం ఆలస్యమైతే ఆ నెలకు ఆ సొమ్ము ఎవరు కడతారో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. పిల్లలను భయపెట్టడం నా ఉద్దేశం కాదు, పొగాకు ధర పడిపోయిన సంవత్సరం ఆ ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను.

నెల్లూరు హాలు బాధ్యుడు:

బాబాయిగారూ, తల్లిదండ్రులకు వేరే కబురు పంపుతున్నాము. ట్రాన్‌స్క్రిప్టుల (చదివిన సబ్జెక్టులు, మార్కుల అధికారిక పత్రాల) గురించి ఒక మాట. జేఎన్‌టీయూ అనుబంధంలో మన నెల్లూరు కళాశాలలకు అనంతపురం, ప్రకాశం కళాశాలలకు కాకినాడ, 2008లో జేఎన్‌టీయూను విభజించినప్పటి నుంచీ వేర్వేరు కాబట్టి రెండు హాళ్లలో ఒకే సూచన ఇస్తే పిల్లలు తికమకపడతారు. సిఫారసు లేఖల విషయంలో ఇంకొక ఇబ్బంది ఉంది. విశ్వవిద్యాలయం లింకును నేరుగా అధ్యాపకుడికే పంపుతుంది, కళాశాల పేరుతో ఈమెయిలు లేనివారి లేఖను కొన్ని చోట్ల ప్రత్యేకంగా పరిశీలిస్తారు. ఆ ఈమెయిళ్లు ఇప్పించమని ప్రిన్సిపాళ్లను ఇప్పుడే అడుగుతాను.

సమన్వయకర్త:

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా అసిస్టెంట్‌షిప్‌లు, తరువాత రుణం, మిగిలిన సమయమంతా విద్యార్థుల కాగితాలను చూడడం అని నిర్ణయించుకుందాం. అమెరికాయే కాకుండా జర్మనీ గురించి కూడా కొంత చెబుదాం. అక్కడ చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ట్యూషన్ ఫీజు లేదు గాని, బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనవారికి సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంటుంది, జీవన ఖర్చుల సొమ్మును బ్లాక్డ్ ఖాతాలో (నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోగల ఖాతాలో) ముందే జమ చేయాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్ల ఉద్యోగానుభవం కావాలి కనుక అది ఈ పిల్లలకు తరువాతి మాట. 1892లో స్థాపించిన జె.ఎన్. టాటా ఎండోమెంటు రుణ ఉపకారవేతనాన్ని మాత్రం చివరి సంవత్సరం వారికి తప్పక పరిచయం చేయాలి.

దరఖాస్తు ఫీజులకు చందాలు పోగు చేద్దామని కొందరు సభ్యులు అడిగారు. భారతదేశంలోని సంస్థ ఖాతాకు విదేశీ విరాళం పంపితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద ఆ సంస్థకు నమోదు అవసరమవుతుంది కాబట్టి, అర్హులైన విద్యార్థుల ఫీజును నేరుగా విశ్వవిద్యాలయానికే చెల్లించడం మేలని నా అభిప్రాయం. అంతకంటే ముందు, ఫీజు మాఫీ కోరే అవకాశం ఉన్న చోట విద్యార్థి చేత ఆ అభ్యర్థన పెట్టించాలి. ఒక్కొక్క స్వచ్ఛంద కార్యకర్త నలుగురు విద్యార్థుల బాధ్యత తీసుకుని ఏప్రిల్ వరకు వారితో మాట్లాడుతూ ఉండాలి. అంతకాలం కుదరని వారు ఆ రాత్రి కెమెరాలు, మైకుల పని చూసినా అది పెద్ద సహాయమే. మీ పేరు, మీరు చదివిన రంగం, మీరు ఖాళీగా ఉండే వేళలను వచ్చే ఆదివారంలోగా ఇక్కడే రాయండి.