యాంటీబయాటిక్ నింపిన పట్టీలు అందరికీ వాడవచ్చా?

కోనసీమ ఫార్మసీ విద్యార్థి

ఈ గ్రూపులో నర్సులు, డాక్టర్లు, రొయ్యల రైతులు ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. యాంటీబయాటిక్ నింపిన పట్టీలను మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పుండుతో వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎందుకు వేయకూడదు?

రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తో పలుచని పొర చేసి, అందులో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలుపుతున్నాం. పొర చీమును పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బేకొద్దీ మందు బయటికి వస్తుంది. షుగరు ఉన్నవారి పాదాల్లో రక్తనాళాలు పూడుకుపోతే మింగిన మాత్ర అక్కడికి సరిగా చేరదు. మందు పుండు మీదే ఉంటే అక్కడ మోతాదు ఎక్కువ, మూత్రపిండాలకు భారం తక్కువ. అంబాజీపేటలో కొబ్బరి పీచు పనికి వెళ్లే మనిషి రోజూ కట్టు మార్పించుకోవడానికి వస్తే ఆ పూట కూలి పోయినట్టే. మూడు రోజులకు ఒక పట్టీ సరిపోతే ఎంత ఊరట!

పళ్లెం నిండా పెరిగిన బ్యాక్టీరియా మధ్య మా పట్టీ ముక్క పెట్టి మర్నాడు చూస్తే, చుట్టూ రూపాయి బిళ్లంత మేర తేటగా కనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాలకొల్లు డ్రెస్సింగ్ నర్సు

బాబూ, మీ పని మీద మీకున్న ప్రేమ నాకు నచ్చింది. 'ప్రతి ఒక్కరికీ' అన్నారే, ఆ మాటకే నా అభ్యంతరం.

నిరుడు వానాకాలంలో లంక గ్రామం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చెప్పులో దిగిన మేకు పాదంలో గుచ్చుకుంది. షుగరు వల్ల స్పర్శ లేదు, మూడు రోజుల దాకా ఆయనకు తెలియనే లేదు. తెలిశాక మందుల షాపులో యాంటీబయాటిక్ పొడి కొని, రోజూ చల్లి, పైన కట్టు గుడ్డ (గాజ్) చుట్టుకున్నారు. నేను సెలైన్ పోసి పది నిమిషాలు నానబెడితే గానీ ఆ గుడ్డ ఊడలేదు. ఊడిన గుడ్డ మీద పచ్చని మరక. పొడి సున్నంలా గట్టిపడి పుండును కప్పేసింది. అంచున కాయ కాచిన చర్మాన్ని డాక్టరు గారు కోస్తే లోపలి నుంచి చీము ఉబికింది. అన్నాళ్లు చల్లిన మందు ఆ చీమును తాకనే లేదు.

ఆ పాదం నిలబడిందంటే చచ్చిన మాంసం తీసేయడం, ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్ష చూసి మాత్రలివ్వడం, పాదం మీద బరువు పడకుండా చూడడం, షుగరు దించడం వల్ల. చర్మం పట్టడానికి రెండు నెలలైంది.

తెరిచిన పుండు ప్రతిదాని మీదా బ్యాక్టీరియా ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు. ఎర్రబడడం, వేడి, వాపు, నొప్పి, చీము చూసి తేల్చుకోవాలి. షుగరు పాదాల మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఇన్ఫెక్షన్ లేని పుండుకు యాంటీబయాటిక్ వద్దనే చెప్పాయి, మింగేదైనా పైన రాసేదైనా. తడిగా ఉంచిన గాయం త్వరగా మానుతుందని 1962లోనే జార్జ్ వింటర్ పందుల మీద చూపించారు. ఆ తడిని నిలపడానికి పట్టీలో మందు అక్కర్లేదు.

ఆకివీడు రొయ్యల రైతు

సిస్టర్ గారి మాట నాకు మరో దారిలో అర్థమైంది. ఒకప్పుడు మా వైపు చెరువుల్లో జబ్బు రాకముందే, వస్తుందేమోనన్న భయంతోనే యాంటీబయాటిక్ కలిపేవారు. నేనూ కలిపాను. తర్వాత విదేశాల్లో పరీక్షల్లో మందు అవశేషాలు దొరికి సరుకు వెనక్కి వచ్చింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధించారు. చెరువులో చేసిన పొరపాటునే మళ్లీ మన కాళ్ల మీద చేద్దామా?

ఒక సందేహం. చెరువులో రొయ్యలు పట్టే రోజున రొయ్య తల మీది ముల్లు చేతికి గుచ్చుకోవడం మాకు మామూలే. అలాంటి గాయానికి ఈ పట్టీ పనికొస్తుందా?

కోనసీమ ఫార్మసీ విద్యార్థి

అమ్మా, పొడికీ పట్టీకీ తేడా ఉంది. పొడి ఒకేసారి పడి గడ్డకడుతుంది, పట్టీ మందును కొలిచి వదులుతుంది. స్వీడన్‌లో గుండె శస్త్రచికిత్స చేయించుకున్న సుమారు 2,000 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. జెంటామైసిన్ నింపిన కొల్లాజెన్ (చర్మంలో ఉండే ప్రోటీన్) స్పాంజి గాయంలో పెట్టినవారిలో 4.3 శాతం మందికి గాయం చీము పడితే, పెట్టనివారిలో 9 శాతం మందికి పట్టింది. సగానికి సగం తగ్గింది కదా!

పాలకొల్లు డ్రెస్సింగ్ నర్సు

ముందు రైతు గారికి. చిన్న గాయమైతే వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో కడగండి. ఉప్పునీటి చెరువులో తగిలిన గాయం గంటల్లో వాచి, నొప్పి భరించలేనంతగా పెరిగి, బొబ్బలు లేస్తే ఏ పట్టీ కోసమూ ఆగకండి. ఆ నీళ్లలో ఉండే విబ్రియో జాతి బ్యాక్టీరియా ప్రాణం మీదికి తేగలదు. అదే రాత్రి పెద్దాసుపత్రికి వెళ్లాలి.

బాబూ, ఆ స్పాంజి కథ అక్కడితో ఆగలేదు. 2010లో అమెరికాలో గుండె రోగులు 1,502 మంది మీద మళ్లీ పరీక్షిస్తే తేడా కనిపించలేదు. అదే ఏడాది పెద్దపేగు శస్త్రచికిత్స జరిగిన 602 మందిలో చూస్తే, స్పాంజి పెట్టినవారిలో 30 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, పెట్టనివారిలో 20.9 శాతం మందికే. మేలు చేస్తుందని పెట్టింది కీడు చేసింది.

మీ పళ్లెంలోని తేట వలయం మొదటి రోజుది. మూడో రోజు సంగతేమిటి? మందు మొదట వరదలా వచ్చి, తర్వాత శివారు పొలాలకు అందే కాలువ నీళ్లలా సన్నబడుతుంది. ఆ కొద్దిపాటి మందుకు బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగిలి పెరుగుతుంది. రేపు అదే మనిషికి రక్తంలో విషం పాకితే, జెంటామైసిన్ ఇంజెక్షన్ పనిచేయకపోతే ఆ అప్పు ఎవరు తీరుస్తారు?

కోనసీమ ఫార్మసీ విద్యార్థి

602 మంది పరీక్ష మీరు చెప్పేదాకా నేను చదవలేదు. రాత్రి కూర్చుని చదివాను. 'ప్రతి ఒక్కరికీ' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పని మాత్రం ఆపను. ఇన్ఫెక్షన్ తేలిన పుండుకు, రక్తప్రసరణ తగ్గిన పాదానికి, శుభ్రం చేశాక, మాత్రలకు తోడుగా, కొద్ది రోజులకే వాడే పట్టీగా దీన్ని పరీక్షించాలని నా పట్టుదల. కైటోసాన్‌కు సొంతంగానే బ్యాక్టీరియాను కొంత అణిచే గుణం ఉంది. మందు లేని పొరను కూడా పక్కన పెట్టి పోల్చి చూస్తాం. మందు లేని పొరే అంత బాగా పనిచేస్తే నాకు సంతోషమే. కట్టు విప్పే చేతులుగా మీరు చెప్పండి, నేను ముందుగా ఏం చూడాలి?

పాలకొల్లు డ్రెస్సింగ్ నర్సు

పోల్చి చూస్తానన్నారు, అది చాలు నాకు. మీ పొర పుండుకు అంటుకుంటుందా, కొత్తగా మొలిచిన ఎర్రమాంసాన్ని పీక్కుని వస్తుందా చూడండి. ముంబయిలో కాలిన గాయాలకు అరటి ఆకు వేసి చూసింది కూడా ఆ అంటుకోని గుణం కోసమే. తర్వాత, ఊడ్పుల రోజుల్లో బురదలో నానిన పాదం మీద అంచులు లేవకుండా నిలుస్తుందా చూడండి. ప్రయోగశాల బల్ల మీద ఈ రెండూ తెలియవు.

మూడో రోజు విప్పిన పట్టీని పారేయకండి. అందులో మందు ఎంత మిగిలిందో, దాని కింద ఏ బ్యాక్టీరియా బతికి ఉందో పరీక్షకు పంపండి. ఆ రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.