అప్‌డేట్: అమ్మ పోయాక ప్రార్థనలోనూ మనశ్శాంతి లేదని అడిగాను కదా

అమ్మ పోయిన దగ్గర్నుంచీ నిద్ర పట్టట్లేదని, మోకరిస్తే నోట మాట రావట్లేదని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు. ఇప్పుడు దేవుని దయవల్ల మనసు కుదుటపడింది.

నాకు పనిచేసింది బైబిల్లోని 13వ కీర్తన రోజూ పైకి చదవమన్న సలహా. ఉన్నవి 6 వచనాలే. ఎన్నాళ్లు, ఎంతకాలం అంటూ మొదట్లోనే దావీదు దేవుణ్ణి నిలదీస్తాడు. నమ్మిక మాట 5వ వచనానికి గానీ రాదు. మొదటి రెండు వచనాల దగ్గరే ఏడుపొచ్చేసేది, అక్కడే ఆపేసేదాన్ని. మా పాస్టరుగారు అదీ ప్రార్థనేనమ్మా అన్నారు. 88వ కీర్తనైతే చీకటి మాటతోనే ముగుస్తుందని తీసి చూపించారు. ఆయన అలా పక్కన కూర్చుని చదవడం నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

డాక్టరుగారి దగ్గరికీ వెళ్లాను. థైరాయిడ్ మామూలుగానే ఉంది, దుఃఖం వల్లే నిద్ర పట్టట్లేదన్నారు. కొన్నాళ్లు మందు వాడాను, కౌన్సెలింగ్ ఇంకా నడుస్తోంది.

మీలో కొందరు సంఘం (చర్చి) మారమన్నారు, ఆ అవసరం రాలేదు. ఉపవాసం ఉండమన్న సలహా కూడా వచ్చింది, కానీ షుగరుంది కాబట్టి డాక్టరుగారు వద్దన్నారు. విశ్వాసం తక్కువై ఇలా అయిందని కొందరన్న మాట మాత్రం, ఇదే బాధలో ఉన్నవాళ్లు దయచేసి పట్టించుకోకండి.