నాసిక్‌లో చిన్న వైనరీలు, టేస్టింగ్ ఎలా ప్లాన్ చెయ్యాలి?

ఫిబ్రవరిలో షిర్డీ దర్శనం అయ్యాక నాసిక్ వెళ్దామనుకుంటున్నాం, సులా అనే పెద్ద వైనరీ (వైన్ తయారుచేసే చోటు) అందరూ చూసేదే కదా, చిన్న వైనరీలు ఏమైనా ఉంటే చెప్పండి, ఒక్కరోజులో ఎన్ని తిరగొచ్చు?

రిప్లై: మంచి టైమ్ బ్రో, అక్కడ ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి దాకా. గంగాపూర్ డ్యామ్ దగ్గర యార్క్ ఉంది, ఇగత్‌పురి వైపు వెళ్తే వాలోనే. రోజుకి రెండు చాలు, మూడోదానికొచ్చేసరికి నాలుకకి తేడా తెలీదు.

రిప్లై: ముందు షెనిన్ బ్లాంక్ లాంటి వైట్ వైన్ అడగండి, షిరాజ్ లాంటి రెడ్ ఆ తర్వాతే. గ్లాసు తిప్పి వాసన చూసి, నోట్లో కాసేపు ఉంచి ఉమ్మెయ్యండి, దానికో గిన్నె పెడతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

రిప్లై: డ్రైవర్‌ని తప్పకుండా మాట్లాడుకోండి. ముందే ఫోన్ చేసి వెళ్తే చిన్నచోట్ల ఒక్కోసారి వైన్ చేసేవాళ్ళే వచ్చి ట్యాంకులు చూపిస్తారు.